ఎఫ్11 నొక్కినా పలకని లాప్‌టాప్

బరంపురంలో మధ్యతరగతి ఇళ్ళ బీరువాల మీద పదేళ్ళు దాటిన లాప్‌టాప్‌లు చాలానే పడి ఉంటాయి. కొన్ని, ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బిజూ యువ సశక్తీకరణ యోజన కింద ఒడిశా ప్రభుత్వం ఇచ్చినవి. కొన్ని, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే అన్నయ్య కొత్తది కొనుక్కుని పాతది ఇంటికి పంపించినవి. చెల్లెలు డిగ్రీలో చేరిందనో, నాన్నగారికి రిటైరయ్యాక పొద్దుపోవడం లేదనో దాన్ని కిందికి దించి, దుమ్ము తుడిచి, ఛార్జర్ తగిలిస్తే నల్లటి తెర మీద ఒక్క తెల్ల వాక్యం కనిపిస్తుంది: బూట్ డివైస్ దొరకలేదు.

అప్పుడు ఇంట్లో ఎవరో గుర్తుచేస్తారు. కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో ఉంది కదా, ఎఫ్11 నొక్కితే మళ్ళీ కొత్తదానిలా అయిపోతుందని! నొక్కుతారు. ఏమీ కాదు. ఆపి, వేసి, గబగబా నొక్కుతారు. అయినా ఏమీ కాదు. దుకాణానికి తీసుకెళితే తీర్పు వెంటనే వస్తుంది: "రికవరీ లేదండీ. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించాలి. డేటా రాదు."

ఈ మూడు మాటల్లో మొదటిది సగమే నిజం. మూడోది చాలాసార్లు నిజం కాదు. రెండోది చివరికి చెయ్యాల్సిన పనే కావచ్చు గానీ, దాన్ని ముందు చేసేస్తే మూడోది నిజమైపోతుంది.

ఆ రికవరీ ఉండేది ఎక్కడ?

ఒకప్పుడు కంప్యూటర్‌తో పాటు ఒక సీడీ ఇచ్చేవారు. సిస్టం పాడైతే ఆ సీడీ పెట్టి మళ్ళీ ఎక్కించుకోవడమే. తర్వాత కంపెనీలు సీడీ ఖర్చు మిగుల్చుకోవడానికి హార్డ్ డిస్కులోనే కొంత జాగా విడిగా కేటాయించి, ఫ్యాక్టరీలో ఎక్కించిన సిస్టం నకలును అందులో దాచడం మొదలుపెట్టాయి. దాన్ని పిలవడానికి ఒక్కో కంపెనీ ఒక్కో మీట పెట్టింది. హెచ్‌పీకి ఎఫ్11, ఏసుస్‌కి ఎఫ్9, శాంసంగ్‌కి ఎఫ్4, ఏసర్‌కి ఆల్ట్‌తో కలిపి ఎఫ్10. లెనోవో అయితే చాలా మోడళ్ళలో పక్కనో అంచునో చిన్న బటన్ పెట్టింది. ఆ మీటలో ఏ మహిమా లేదు. డిస్కులో ఫలానా ముక్కకు వెళ్ళమని చెప్పే అభ్యర్థన అది. ఆ ముక్క లేకపోతే వినేవాళ్ళు లేరు.

ఇక్కడ చిక్కేమిటంటే, రికవరీ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి. మొదటిది ఇప్పుడు చెప్పిన ఫ్యాక్టరీ నకలు. పది, ఇరవై జీబీల దాకా ఉంటుంది. రెండోది విండోస్ తనకోసం పెట్టుకునే మరమ్మతు గది. కొన్ని వందల ఎంబీలే. సిస్టం రెండుమూడుసార్లు సరిగ్గా లేవకపోతే నీలిరంగు తెర మీద "ట్రబుల్‌షూట్" అంటూ వచ్చేది ఈ రెండోదే. ఒకటి పోయినా మరొకటి ఉండవచ్చు. దుకాణంలో "రికవరీ లేదు" అన్నప్పుడు ఏది లేదన్నారో అడగడం మంచిది.

పోవడానికి కారణాలు మామూలువే. ఎప్పుడో ఫార్మాట్ కొట్టించినప్పుడు ఉన్న పార్టిషన్లన్నీ తుడిచేసి ఉంటారు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడు ఆ ముక్క పాత డిస్కుతోనే వెళ్ళిపోయి ఉంటుంది. మై కంప్యూటర్‌లో "రికవరీ" అనే డ్రైవు ఎర్రగా నిండిపోయి కనిపిస్తుంటే, జాగా కలిసొస్తుందని మనమే చెరిపేసి ఉంటాం. ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ అనుమానించరు. విండోస్ 8తో వచ్చిన యంత్రాన్ని 2015లో ఉచితంగా ఇచ్చిన విండోస్ 10కి మార్చుకున్నప్పుడు, కొత్త సిస్టం తన మరమ్మతు గదిని తాను కట్టుకుంది. కంపెనీ దాచిన పాత నకలు డిస్కులో అలాగే ఉన్నా, దానికి దారి చూపే గుర్తు చాలాచోట్ల తెగిపోయింది. అంటే జాగా తింటూ అక్కడే ఉంటుంది, పిలిస్తే మాత్రం రాదు.

ఈ గదుల విషయంలో మైక్రోసాఫ్ట్ కూడా తడబడింది. 2024 జనవరిలో విడుదలైన ఒక భద్రతా అప్‌డేట్ విండోస్ 10 వాడే చాలా కంప్యూటర్లలో ఎక్కనే లేదు. ఆ మరమ్మతు గదిలో 250 ఎంబీల ఖాళీ కావాలి, చాలా యంత్రాల్లో అంత లేదు. పార్టిషన్ పెంచుకొమ్మని మామూలు జనానికి కమాండ్ల జాబితా ఇచ్చారు!

మీట నొక్కాక జరిగేది

ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలియాలంటే లాప్‌టాప్ ఎలా లేస్తుందో చూడాలి. ప్రాసెసర్‌కి కరెంటు అందిన క్షణంలో దానికి విండోస్ అంటే ఏమిటో తెలియదు, హార్డ్ డిస్కు ఉందని కూడా తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: మదర్‌బోర్డు మీదున్న చిన్న చిప్పులోంచి మొదటి ఆదేశం చదవడం. పాత యంత్రాల్లో ఆ చిప్పులోని ప్రోగ్రామును బయాస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది ర్యామ్‌ను, కీబోర్డును, తెరను తడిమి చూసుకుని, డిస్కు కోసం వెతుకుతుంది.

పాత పద్ధతిలో అయితే డిస్కు మొట్టమొదట ఉన్న 512 బైట్లు చదువుతుంది. అందులో 446 బైట్లు ఒక బుల్లి ప్రోగ్రాము. 64 బైట్లు డిస్కును ఎన్ని ముక్కలు చేశారో చెప్పే పట్టిక. చివరి రెండు బైట్లు "ఇది పనికొచ్చే డిస్కే" అని చెప్పే ముద్ర. 1980ల మొదట్లో ఐబీఎం పీసీల కోసం చేసిన ఏర్పాటు ఇది. మన బీరువా మీది లాప్‌టాప్‌లు కొన్ని ఇప్పటికీ దీంతోనే లేస్తాయి. కొత్త పద్ధతిలో డిస్కులో ఒక చిన్న పార్టిషన్ విడిగా ఉంటుంది, అందులోని ఫైలును యూఈఎఫ్ఐ పేరు పెట్టి పిలుస్తుంది. అక్కణ్ణుంచి విండోస్ బూట్ మేనేజర్, అది పిలిస్తే కెర్నెల్, అది పిలిస్తే డ్రైవర్లు, చివరికి పాస్‌వర్డ్ అడిగే తెర. వీటిలో ఎవరికీ మొత్తం పని తెలియదు. తన తర్వాతివాణ్ణి లేపడం వరకే ప్రతి ఒక్కరికీ తెలుసు.

బరంపురం పట్టు నేసే ఇళ్ళల్లో దీని పోలిక కనిపిస్తుంది. ఒక పడుగు నేత అయిపోయాక నేతగాడు మగ్గాన్ని ఖాళీ చేసెయ్యడు. పాత పడుగు కొసలను కొంత మేర మగ్గంలోనే వదిలి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతాడు. పాత కొసలను లాగితే కొత్త పోగులు వాటి వెంటే ప్రతి కంట్లోంచి దూరి వచ్చేస్తాయి. కంపెనీ డిస్కులో దాచిన రికవరీ ముక్క అలా వదిలిన కొస. అది ఉంటే పని సులువు. ఎవరో తెలియక ఆ కొసలను పీకేశారనుకోండి, మగ్గం విరిగినట్టు కాదు. పోగులన్నీ మళ్ళీ మొదటినుంచి చేత్తో ఒక్కొక్క కంట్లో ఎక్కించాలి, అంతే. లాప్‌టాప్ విషయంలో ఆ పని పెన్‌డ్రైవ్ చేస్తుంది.

గొలుసు ఎక్కడ తెగిందో తెర మీది లక్షణమే చాలావరకు చెబుతుంది. ఫ్యాను తిరిగి తెర నల్లగానే ఉండిపోతే ర్యామ్ దగ్గరో అంతకు ముందో ఆగింది, దానికి విండోస్‌తో సంబంధం లేదు. కంపెనీ గుర్తు కనిపించి, ఆ తర్వాత బూట్ డివైస్ లేదంటే డిస్కు కనబడలేదు, లేదా మొదటి పట్టిక చెరిగింది. గుండ్రంగా చుక్కలు తిరిగి తిరిగి "ఆటోమేటిక్ రిపేర్" దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తుంటే డిస్కు కనబడుతోంది, పట్టికా బాగుంది, విండోస్ సొంత ఫైళ్ళే ఏవో చెడ్డాయి. ఈ మూడింటికీ ఒకే మందు ఫార్మాట్ అనడం, జ్వరమో, ఎముక విరిగిందో చూడకుండా సూది వేసినట్టే.

పెట్టె: ఫార్మాట్‌కు ముందు నాణెం బ్యాటరీ

మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, చాలా లాప్‌టాప్‌లలో సీఆర్2032 రకం. యంత్రం ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది, బయాస్‌లోని సెట్టింగులను చాలా యంత్రాల్లో కాపాడేది అదే. ఏళ్ళ తరబడి బీరువా మీద పడి ఉన్న లాప్‌టాప్‌లో అది అయిపోయి ఉంటుంది. అప్పుడు తేదీ ఎక్కడో వెనక్కి పోతుంది, సెట్టింగులు తొలి స్థితికి వస్తాయి. విండోస్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలో ఎక్కించి ఉండగా సెట్టింగు పాత పద్ధతికి జారితే, డిస్కు నిక్షేపంగా ఉన్నా యంత్రానికి బూట్ డివైస్ కనబడదు. బయాస్‌లోకి వెళ్ళి (ఎక్కువ మోడళ్ళలో ఎఫ్2 లేదా ఎఫ్10) తేదీ చూడండి, డిస్కు పేరు కనిపిస్తోందేమో చూడండి, బూట్ పద్ధతిని అటూ ఇటూ మార్చి చూడండి. లేస్తే, మీ ఖర్చు ఆ బ్యాటరీ ధరే. తేదీ తప్పుగా ఉంటే ఇంటర్నెట్ వెబ్‌సైట్లు కూడా భద్రత లేదంటూ తెరుచుకోవు. దాన్ని చూసి వైరస్ అనుకునేవాళ్ళు బోలెడుమంది.

కరెంటు, ఉప్పుగాలి

సిస్టం ఊరికే ఎందుకు చెడుతుంది? గంజాం జిల్లాలో దీనికి ప్రత్యేకంగా రెండు సంగతులు కలిసొస్తాయి.

మొదటిది కరెంటు. లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది కనుక కరెంటు పోయినా ఫర్వాలేదనుకుంటాం. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది, యంత్రం ఛార్జర్ మీదే బతుకుతుంది. అంటే కరెంటు పోతే అది డెస్క్‌టాప్ లాగే టక్కున ఆగిపోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఏర్పాటు, ఫైళ్ళ జాబితాలో మార్పు చేసే ముందు ఏం మార్చబోతోందో ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో ఆగిపోతే మళ్ళీ లేచినప్పుడు ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. కానీ ఆ చిట్టా కాపాడేది జాబితాను మాత్రమే, ఫైలు లోపలి సరుకును కాదు. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే, జాబితా ప్రకారం ఫైలు ఉంటుంది, లోపల సగం పాతది సగం కొత్తది. అలా చెడ్డది బూట్‌కి అవసరమైన ఫైలయితే పొద్దున్న లేవదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు. బరంపురంలో స్తంభాలు నేలకూలి రోజుల తరబడి చీకటే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినా గంజాం, గజపతి జిల్లాలను కూడా కుదిపింది. పెద్ద తుఫానులకు మనం ముందే జాగ్రత్తపడి అన్నీ ఆపేస్తాం. యంత్రాలను ఎక్కువగా చంపేది అది కాదు. కరెంటు మళ్ళీ వచ్చాక మొదటి రెండు వారాలు వచ్చీపోయే కరెంటు.

రెండోది గాలి. బరంపురానికి సముద్రం 15 కిలోమీటర్ల దూరమే. హుమ్మ దగ్గర ఉప్పుమళ్ళు పండించే గాలే మన ఇళ్ళల్లోకీ వస్తుంది. ర్యామ్ చివరన బంగారుపూత పలకలుంటాయి, డిస్కు కనెక్టర్‌కీ ఉంటాయి. తేమ, ఉప్పు కలిసి వాటి మీద పలుచటి పొర కడితే కరెంటు సరిగ్గా పారదు. అప్పుడు కనబడే లక్షణాలన్నీ సిస్టం చెడినట్టే ఉంటాయి: నీలితెర, మధ్యలో ఆగిపోవడం, డిస్కు కనబడకపోవడం. దుకాణాల్లో కుర్రాళ్ళు ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతారే, అది మూఢనమ్మకం కాదు. మెల్లగా రుద్దాలి, పూత లేచిపోకుండా. కొత్త విండోస్ ఎక్కించాక కూడా వారానికే మళ్ళీ చెడితే ముందు ర్యామ్‌ను, డిస్కును అనుమానించాలి.

ముందు ఫైళ్ళు

ఇప్పుడు అసలు విషయం. విండోస్ అనేది కోట్ల యంత్రాల్లో ఉన్న ఒకే సరుకు. మన దగ్గరది పోతే అచ్చం అలాంటిదే మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్యాక్టరీ నకలు కూడా అంతే, పదేళ్ళనాటి విండోస్‌కు కంపెనీ తగిలించిన ప్రకటనల సాఫ్ట్‌వేరు కలిపితే అది. దానికోసం ఏడవాల్సిన పని లేదు. మరెక్కడా దొరకనిది మన ఫొటోలు, చెల్లెలి ప్రాజెక్టు రిపోర్టు, నాన్నగారి పెన్షన్ కాగితాల స్కాన్లు. ఎక్కించడం కంటే ముందు దించుకోవడం.

విండోస్ లేవకపోతే ఫైళ్ళు ఎలా దించుతాం? లినక్స్ మింట్ లాంటి సిస్టం ఒకదాన్ని పెన్‌డ్రైవ్ మీదినుంచే నడపవచ్చు. అది ర్యామ్‌లో కూర్చుని పనిచేస్తుంది, మనం చెప్పేదాకా హార్డ్ డిస్కు మీద ఏమీ రాయదు. తెర మీద ఫోల్డర్ల బొమ్మ నొక్కితే పాత సీ డ్రైవు, అందులో యూజర్స్, అందులో మన పేరు, అన్నీ కనిపిస్తాయి. బయటి డిస్కు తగిలించి లాగి పడెయ్యడమే. విండోస్ పాస్‌వర్డ్ అడగదు, ఎందుకంటే ఆ కాపలా విండోస్ నడుస్తున్నప్పుడే ఉంటుంది. మనకిప్పుడు ఇది మేలు. అదే లాప్‌టాప్ రైల్లో పోగొట్టుకుంటే ఎవరికైనా ఇదే మేలని కూడా గుర్తుండాలి. దానికి విరుగుడుగానే కొత్త యంత్రాలు డిస్కునంతా సంకేతలిపిలోకి మార్చేస్తున్నాయి. బిట్‌లాకర్ వేసి ఉన్న డిస్కు అయితే లినక్స్‌లోంచి చూసినా 48 అంకెల తాళంచెవి లేనిదే తెరుచుకోదు. ఆ అంకెలు చాలామందికి తెలియకుండానే వాళ్ళ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటాయి, ఫోన్లోంచి లాగిన్ అయి చూడవచ్చు. పదేళ్ళు దాటిన ఇంటి లాప్‌టాప్‌లలో ఈ బెడద తక్కువ.

ఇప్పటికే ఎవరో ఫార్మాట్ కొట్టేసి ఉంటే? మామూలు క్విక్ ఫార్మాట్ డిస్కంతా తుడవదు, జాబితాను మాత్రం కొత్తగా మొదలుపెడుతుంది. పాత ఫైళ్ళ సరుకు, దాని మీద ఇంకేదైనా రాసేదాకా అక్కడే ఉంటుంది. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. టెస్ట్‌డిస్క్ డిస్కంతా గాలించి పార్టిషన్ల మొదళ్ళను వెతికి, చెరిగిన పట్టికను తిరిగి రాస్తుంది. "పోయిన" రికవరీ ముక్క కూడా దీనితో కొన్నిసార్లు పైకి తేలుతుంది. ఫొటోరెక్ జాబితా జోలికే పోదు. ఫొటో ఫైలు ఫలానా మూడు బైట్లతో మొదలవుతుందని, పీడీఎఫ్ ఫలానా అక్షరాలతో మొదలవుతుందని దానికి తెలుసు. ఆ ఆనవాళ్ళు కనబడ్డచోటల్లా ఫైలును కోసి బయట పెడుతుంది. పేర్లు మాత్రం రావు, వేల ఫొటోలు అంకెల పేర్లతో కుప్పగా వస్తాయి. ఇదంతా తిరిగే హార్డ్ డిస్కు మాట. ఎస్‌ఎస్‌డీ అయితే చెరిపిన జాగాను అదే లోపల్లోపల శుభ్రం చేసేసుకుంటుంది, చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే. వేగానికి మనం కట్టిన మూల్యం అది.

డిస్కు టిక్ టిక్‌మంటుంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. డిస్కు లోపల చదివే తలకాయ పలక మీద తడబడుతున్న చప్పుడది, ప్రతి నిమిషం కొంత సరుకు పోతూంటుంది. చప్పుడు లేకుండా నెమ్మదిగా చదువుతున్న డిస్కయితే డీడీరెస్క్యూ అనే పనిముట్టు ఉంది. సులువుగా వచ్చే భాగాలను ముందు లాగేసుకుని, మొరాయించే చోట్లను గుర్తుపెట్టుకుని, చివర్లో తీరిగ్గా వాటి మీదికి వస్తుంది. పరీక్ష రాసే తెలివైన పిల్లలు చేసే పనే.

పెట్టె: అను, ఆకృతి ఫాంట్లను మరిచిపోవద్దు

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు డీటీపీ చేసేవాళ్ళ లాప్‌టాప్‌లలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఇక్కడ శుభలేఖ అంటే తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. తెలుగు అను ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో, పేజీ పాత పేజ్‌మేకర్‌లో. ఈ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తలకట్టు, గుడి, ఒత్తు లాంటి ముక్కలను బొమ్మలుగా కూర్చినవి. ఫైలులో నిజానికి ఉన్నది ఇంగ్లీషు అక్షరాల వరసే, ఫాంటు వేసినప్పుడే అది తెలుగులా కనబడుతుంది. ఫైళ్ళు మాత్రం దించుకుని సిస్టం తుడిచేస్తే, కొత్త విండోస్‌లో తెరవగానే పిచ్చిరాతలు. కాబట్టి విండోస్ ఫోల్డర్లోని ఫాంట్స్ ఫోల్డరంతా, ఆ సాఫ్ట్‌వేరు ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళు ఎక్కడున్నా అవీ కాపీ చేసుకోవాలి. వీలైతే ముఖ్యమైన పేజీలను ముందే పీడీఎఫ్‌గా మార్చి ఉంచుకోవాలి, పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షను 2001 నాటిది, కొత్త సిస్టంలో మొరాయిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తాళంచెవి బోర్డులోనే ఉంది

ఫైళ్ళు బయటపడ్డాయి. ఇక విండోస్. రికవరీ పోతే లైసెన్సు కూడా పోయినట్టేనని, మళ్ళీ కొనాలనో క్రాక్ వేయించుకోవాలనో అనుకోవడం మామూలు. అది సరి కాదు. విండోస్ 7 కాలం నాటి లాప్‌టాప్ అయితే అడుగున ఒక స్టిక్కరు, దాని మీద 25 అక్షరాల కీ ఉంటుంది. 2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డు చిప్పులోనే రాసి పంపుతున్నాయి. డిస్కు మార్చినా, తుడిచినా అది చెక్కుచెదరదు. విండోస్ ఎక్కించే ప్రోగ్రాము దాన్ని తానే చదువుకుంటుంది. ఆ యంత్రంలో ఒకసారి విండోస్ 10 చట్టబద్ధంగా నడిచి ఉంటే, ఆ సంగతి మైక్రోసాఫ్ట్ సర్వర్లలోనూ నమోదై ఉంటుంది. మళ్ళీ ఎక్కించి నెట్ తగిలిస్తే చాలు.

మన దేశంలో ఒక మెలిక ఉంది. ఇక్కడ అమ్మిన లాప్‌టాప్‌లు చాలావాటిలో ఉండేది "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" అనే రకం. దుకాణంలో అందరికీ ఒకే పెన్‌డ్రైవ్‌తో "ప్రో" ఎక్కిస్తారు. బోర్డులోని కీ దానికి సరిపోదు, అందుకని క్రాక్ వేస్తారు. అంటే డబ్బిచ్చి కొన్న లైసెన్సును పక్కనబెట్టి దొంగసరుకు వాడుతున్నామన్నమాట! ఆ క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు, అదే అన్నిటికంటే ముచ్చట. ఏ రకం వచ్చిందో అదే రకం ఎక్కించమని అడగండి.

పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే ఎందుకు చాలదు?

విండోస్ ఐఎస్ఓ ఫైలును మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. చాలామంది దాన్ని మామూలు సినిమాలా పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి, లాప్‌టాప్ లేవలేదంటారు. ఇందాకటి గొలుసు గుర్తు తెచ్చుకోండి. యంత్రం వెతికేది డిస్కు మొదట్లోని ఆ బుల్లి ప్రోగ్రామును, లేదా ఫలానా ఫోల్డర్లో ఫలానా పేరున్న ఫైలును. మన కాపీలో ఉన్నది ఒకే ఒక పెద్ద మూట, దాన్ని విప్పడం బయాస్‌కి రాదు. రూఫస్ లాంటి ప్రోగ్రాము, లేదా మైక్రోసాఫ్ట్ సొంత మీడియా క్రియేషన్ టూల్, ఆ మూట విప్పి, సరైన చోట సరైన ముక్కలు పేర్చి, పెన్‌డ్రైవ్‌ను లేచేలా చేస్తాయి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో పాతవి అన్నీ పోతాయి. ఇంట్లో వేరే కంప్యూటర్ లేకపోతే ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్ నుంచే లినక్స్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవచ్చు, ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్ ఉంది. విండోస్‌కి అది పనికిరాదు.

ఎక్కిస్తుండగా ఎదురయ్యే ముఖ్యమైన అడ్డంకి ఒకటి. "ఈ డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఇందులో విండోస్ ఎక్కించలేం" అని వస్తుంది. డిస్కు పాత పద్ధతిలో ఉంది, పెన్‌డ్రైవ్ కొత్త పద్ధతిలో లేచింది, రెండూ పొసగలేదు. అంతకుమించి ఏమీ కాదు. యంత్రాన్ని ఆపి, బూట్ మెనూలో యూఈఎఫ్ఐ అనే మాట లేకుండా ఉన్న పెన్‌డ్రైవ్ పేరును ఎంచుకుంటే చాలాసార్లు సాఫీగా సాగిపోతుంది, పెన్‌డ్రైవ్‌ను రెండు పద్ధతులకూ సరిపడేలా చేసి ఉంటే. చాలామంది ఇక్కడే విసుగొచ్చి పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టేస్తారు. డీ డ్రైవులో పదేళ్ళ ఫొటోలు పోయేది సాధారణంగా ఈ తెర దగ్గరే.

ఎక్కాక వైఫై పనిచేయకపోవచ్చు. దాని డ్రైవర్ నెట్‌లో ఉంటుంది, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే ఆ ముడి వీడుతుంది.

విండోసా, లినక్సా?

ఫ్యాక్టరీ నకలు దొరికినా దాన్ని వాడమని నేను చెప్పను. అందులో ఉండేది విండోస్ 7 లేదా 8. విండోస్ 7కి 2020 జనవరి 14తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి, 8.1కి 2023 జనవరిలో. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్ళల్లో వాడేవారికి, నమోదు చేసుకుంటే, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొడిగించారు. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు, ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ కావాలి. అవి 2017లో మొదలయ్యాయి, మన బీరువా మీది యంత్రం ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. ఆ నిబంధనలను దాటవేసే ఉపాయాలు తిరుగుతున్నాయి. ప్రయోగాలు చేసే కుర్రాడికి సరదాగా ఉంటుంది. నాన్నగారు పెన్షన్ ఖాతా చూసుకునే లాప్‌టాప్‌కి మాత్రం వద్దు.

వాడేది బ్రౌజరు, యూట్యూబు, కాస్త టైపింగు అయితే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 4 జీబీ ర్యామ్ మీద కుదురుగా నడుస్తుంది. ర్యామ్ ఇంకా తక్కువైతే లుబుంటు. తెలుగు, ఒడియా రెండూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైపు చేసుకోవచ్చు, లోహిత్ ఫాంట్లు రెండు భాషలకూ ఉచితంగా ఉన్నాయి. అను, ఆకృతి, పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ వాళ్ళకు మాత్రం ఈ సలహా పనికిరాదు. వాళ్ళు విండోస్‌లోనే ఉండి, ఆ యంత్రాన్ని నెట్‌కు దూరంగా ఉంచుకోవడమే నయం. హార్డ్ డిస్కు తీసి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయిస్తే రెండింటిలో ఏది ఎక్కించినా యంత్రం వేగం కళ్ళకు కనబడేంత మారుతుంది. ఖర్చు పెట్టదలిస్తే ముందు దానికి పెట్టాలి, ర్యామ్ తర్వాత.

అన్నీ ఎక్కించి, డ్రైవర్లు, ఫాంట్లు, ప్రింటరు సర్దుకున్నాక, ఇంకా ఫైళ్ళు నింపకముందే క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తానికి ఒక నకలు తీసి పెట్టుకోవచ్చు. ఖాళీ జాగాను వదిలేసి, ఉన్నదాన్ని కుదించి తీస్తుంది కనుక చాలావరకు 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. కంపెనీ వాళ్ళు చేసిందీ ఇదే. వాళ్ళు దాన్ని అదే డిస్కులో దాచారు, డిస్కు పోయిన రోజున సిస్టమూ నకలూ కలిసే పోయాయి. మనం తీసినదాన్ని బయటి డిస్కులో ఉంచుకోవాలి, పైన లాప్‌టాప్ మోడలు, విండోస్ రకం, తీసిన తేదీ రాసి.